బళ్ళను నిద్రపుచ్చే వారం

మే నెల చివరి వారంలో పాసో లెంగా ఊళ్ళో ఎవరూ ఎవరినీ "బాగున్నావా" అని అడగరు. "బండిని పడుకోబెట్టావా" అని అడుగుతారు. భూగోళానికి అడుగున, దక్షిణ అమెరికా కొసన ఉన్న ఊరు కాబట్టి అక్కడ చలికాలం అప్పుడే మొదలు; అక్కణ్ణుంచి సెప్టెంబరు దాకా దారులన్నీ మంచులో ఉంటాయి. అందుకని ఆ వారమంతా ఊరు ఊరే మోటర్‌సైకిళ్ళ పక్కన గొంతుక్కూర్చుని ఉంటుంది.

రొట్టెల కొట్టు ఎవరిస్తో మాత్రం కూర్చోడు. అతని ఎర్రబండిని పడుకోబెట్టడానికి ఏటా మెకానిక్కు డెల్మీరా వస్తుంది. యాభై ఆరేళ్ళ బ్రహ్మచారి, రోజుకు మూడు వందల రొట్టెలు కాల్చే మనిషి, ఒక నట్టు విప్పుకోలేవా అని ఎవరైనా అడిగితే, "నాకు ఇంజన్ల సంగతి తెలీదు" అంటాడు. పొయ్యి దగ్గరి పంకా మోటరు చెడితే విప్పి బాగుచేసుకునేది అతనేనని ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలుసన్న సంగతి ఎవరిస్తో ఒక్కడికే తెలీదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం డెల్మీరా వచ్చి, ఇంజన్ను కాసేపు తిప్పి వేడెక్కించి పాత నూనె దించింది. కొత్తది పోసింది. లోపల తుప్పు పట్టకుండా ట్యాంకును మూతిదాకా పెట్రోలుతో నింపింది. గొలుసు తుడిచి నూనె పట్టించింది. ఎలకలు కాపురం పెట్టకుండా పొగగొట్టంలో గుడ్డ కుక్కింది. టైర్లు నేలకు ఆనకుండా ఇద్దరూ చెరో పక్కా పట్టి బండిని చెక్కదిమ్మల మీదికి ఎక్కించారు. ఆ ఎక్కించడంలో ఎవరిస్తో చెయ్యి ఒకసారి ఆమె చేతికి తగిలింది. అతను దిమ్మకి క్షమాపణ చెప్పాడు.

చివరికి బ్యాటరీ. చలికి పాడవుతుందని మిగతా ఊళ్ళలోనూ తీస్తారు. పాసో లెంగాలో ఇంకో కారణం కూడా ఉంది. బ్యాటరీ ఉంచేస్తే బండి నిద్రలో నడుస్తుంది. దిమ్మలెక్కించినా దిగి, యజమాని మనసు ఎక్కడుంటే అక్కడికి పోయి, తెల్లారేసరికి తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. కానీ మంచులో టైరు గీత ఎక్కడికి పోతుంది?

పాద్రీగారి బండి తిన్నగా సాసేజీల కొట్టుకు పోయొచ్చింది. భక్తులు ఏమీ అనుకోలేదు, ఆదివారం ఆదివారం ఆయన పొట్ట చూస్తూనే ఉన్నారు. పోలీసు సార్జెంటు బండి రెండు కొండలు దాటి వాళ్ళమ్మ ఇంటికి పోయి, హ్యాండిలుకు ఉన్ని మఫ్లరు చుట్టించుకుని వచ్చింది. పశువుల డాక్టరు బండి ఎక్కడికి పోయిందో చెప్పుకోవడం మర్యాద కాదు. కావలసిన వాళ్ళు ఎవరిస్తో పక్కింటి దోన్యా ఒఫేలియాను అడగొచ్చు. ఆవిడ తేదీతో సహా చెబుతుంది.

ఇంకొక్కటి, నిద్రలో ఉన్న బండిని లేపకూడదు. బడిపంతులు ఒకసారి దారిలో తన బండిని చూసి కేకేస్తే, అది ఉలిక్కిపడి, దాని ఇంజను శాశ్వతంగా బిగుసుకుపోయింది. ఇప్పుడు దాని ట్యాంకులో జిరేనియం పూలు పూస్తున్నాయి.

డెల్మీరా బ్యాటరీ ఊడదీసి ఎవరిస్తో చేతిలో పెట్టింది.

"వెచ్చటి చోట పెట్టండి. పొయ్యికి మరీ దగ్గరగా వద్దు."

"అలాగే."

"ఏటా అలాగే అంటారు."

"ఏటా అలాగే పెడతాను కదా."

"అవును. ఒక్క ఏడూ తప్పరు." ఆమె చేతులు గట్టిగా తుడుచుకుంది. "వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకోండి. శనివారం బస్సుకి ట్రెలేవ్ పట్నం పోతున్నా. అక్కడ మా అక్క నాకో వర్క్‌షాపు చూసిపెట్టింది. ఇక్కడ నాకేముంది?"

ఎవరిస్తో బ్యాటరీని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. చాలాసేపు ఆలోచించి నోరు తెరిచాడు.

"దారికి రొట్టెలు కావాలా?"

డెల్మీరా అతని ముఖంలోకి చూసింది. "ఆరు ఇవ్వండి," అంది. "దూరాభారం కదా."

ఆమె అటు వెళ్ళగానే దోన్యా ఒఫేలియా ఇటు వచ్చింది. పిండి పులియబెట్టే ఈస్టు అరువడగడానికి వచ్చానంది. ఆవిడ ఇంట్లో రొట్టె చేసి ఇరవై ఏళ్ళయింది.

"ఏం చెప్పావురా దానికి?"

"రొట్టెలు కావాలా అన్నాను."

"దేవుడా! పదకొండేళ్ళుగా పొంగుతోంది ఆ పిండి. ఎప్పుడు కాలుస్తావురా? గిన్నె దాటి, బల్ల దాటి, వీధిలోకొచ్చి నా గుమ్మం దాకా పాకింది!"

"ఏ పిండి?"

"ఏ పిండట! చూడమ్మా ఈ అమాయకుణ్ణి," అని ఆవిడ గోడతో చెప్పుకుంది. "శనివారం తొమ్మిదింటికి బస్సు. తర్వాత నీ రొట్టెలు నువ్వే తింటూ కూర్చో."

శుక్రవారం మంచు కురిసింది. మధ్యాహ్నం చివరి వాయి దించాక ఎవరిస్తో పిండిబస్తాల వెనకనుంచి బ్యాటరీ తీసి షెడ్డుకు వెళ్ళాడు. ప్లస్ వైరు ముందు, మైనస్ తర్వాత. ఇంజన్ల సంగతి తెలియని చేతులు ఎక్కడా తడుముకోలేదు. పొగగొట్టంలోంచి గుడ్డ లాగేశాడు. ఎలకలు ఏమైనా అనుకోనీ. అతని లెక్క చాలా సులువు. బండి ఆమె గేటు దాకా పోయొస్తుంది, పొద్దున ఆమె గీత చూస్తుంది, తను నోరు విప్పే పని తప్పుతుంది. ఆ ఊళ్ళో బ్యాటరీ తియ్యడం మరిచిపోయిన వాళ్ళు ఎంతమందో ఉన్నారు. కావాలని పెట్టినవాడు ఎవరిస్తో ఒక్కడే.

తెల్లారి చూస్తే షెడ్డులో దిమ్మలే ఉన్నాయి. బండి లేదు.

దోన్యా ఒఫేలియా అప్పటికే గీత వెంట పోయి, గీత వెంట వచ్చింది. "దాని గేటు దాకా వెళ్ళిందిరా! అక్కడ మూడు చుట్లు తిరిగింది. నీలాగే, లోపలికి పోవడానికి సిగ్గు! ఆ తర్వాత బస్సు ఆగే చోటు వైపు మళ్ళింది. నడువు, నడువు!"

ఎవరిస్తో చెప్పులతోనే మంచులో పరిగెత్తాడు.

ఊరి చివర ఎర్రబండి రోడ్డుకు అడ్డంగా, బస్సు ముక్కుకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఇంజను సన్నగా గురక పెడుతోంది. అటూ ఇటూ ఎత్తిపోసిన మంచు గుట్టలు. పక్కనుంచి మేక కూడా దూరే సందు లేదు. డ్రైవరు రుఫీనో బస్సు మెట్టు మీద కూర్చుని గొట్టంతో వేడివేడి మాతే టీ పీలుస్తున్నాడు.

"మెల్లగా నడవరా," అన్నాడు గుసగుసగా. "మంచి నిద్రలో ఉంది."

"హారన్ కొట్టొచ్చు కదా?" అన్నాడు బస్సులో ఒక పొరుగూరి మనిషి. చంటిపిల్లను తొట్లోంచి తోసెయ్యమన్నవాణ్ణి చూసినట్టు చూశారు అందరూ.

డెల్మీరా ప్రయాణపు కోటులో బండి పక్కన మోకరిల్లి ఉంది. తల తిప్పలేదు.

"దీని బ్యాటరీ నేను తీశాను," అంది లోగొంతుతో.

"అవును."

"మళ్ళీ పెట్టారు. వైర్ల మొనలకు గ్రీజు కూడా రాశారు. మరిచిపోయిన మనిషి గ్రీజు రాయడు."

"రాయడు."

"ఇంజన్ల సంగతి తెలీదంటారు కదా."

"నిజానికి మా పొయ్యి మోటరు..."

"తెలుసు. ఊరందరికీ తెలుసు."

ఎవరిస్తో చెవులు అతని బండి రంగుకు తిరిగాయి. "మీ గేటు దాకా వస్తుందనుకున్నా. బస్సుకు అడ్డం పడుతుందనుకోలేదు."

"పదకొండేళ్ళు," అంది డెల్మీరా. ఇప్పుడు అతనికేసి చూసింది. "ఏటా బ్యాటరీ నా చేత్తో తీసి మీ చేతిలోనే పెట్టాను. ఇంకెవరికీ అలా ఇవ్వను, వాళ్ళ అటక మీద పడేసి పోతాను. మంచు పడ్డ ప్రతి పొద్దునా లేచి గేటు ముందు చూసుకున్నాను. ఒక్క గీత లేదు. నాకు నేలంతా తెల్లగా కనపడితే ఒళ్ళు మండేది. ఇంత జాగ్రత్తగా బ్యాటరీ దాచుకునే మనిషిని నేనేం చేసుకోను?"

ఎవరిస్తో నోరు తెరిచాడు. బస్సు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. దోన్యా ఒఫేలియా ఊపిరి బిగబట్టింది, ఆ వయసులో అది మంచిది కాకపోయినా.

"వెళ్ళకండి!"

పదకొండేళ్ళ మాట కదా, గట్టిగానే వచ్చింది. బండి ఇంజను ఒక్క క్షణం ఎక్కిళ్ళు పెట్టింది. బస్సు బస్సంతా కొయ్యబారిపోయింది. తర్వాత మళ్ళీ గురక.

"ఇంకాస్త మెల్లగా చెప్పండి," అంది డెల్మీరా. ముఖమంతా నవ్వుగా ఉంది. "ఎన్నిసార్లయినా చెప్పండి. మెల్లగా."

ఆమె ఎడమ హ్యాండిలు పట్టుకుంది, అతను కుడిది పట్టుకున్నాడు. కుదుపు లేకుండా బండిని ఊరివైపు తిప్పారు.

"అమ్మా, పెట్టె దించనా?" అని రుఫీనో గుసగుసగా అడిగాడు.

"దించు," అంది డెల్మీరా, వెనక్కి చూడకుండా.

బస్సు ఒక గంట ఆలస్యంగా బయలుదేరింది. ట్రిప్పు పుస్తకంలో ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట రుఫీనో "పెళ్ళి" అని రాశాడు. తొందరపాటు మనిషి. అది ఆగస్టులో గానీ జరగలేదు.

షెడ్డు దాకా రెండు కిలోమీటర్లు. బండి లేవకుండా నడిపించాలి కాబట్టి ఎవరిస్తో దారి పొడుగునా గుసగుసలాడుతూనే నడిచాడు. అంతసేపు అతను మాట్లాడ్డం ఊళ్ళో ఎవరూ చూడలేదు. దోన్యా ఒఫేలియా పదడుగులు వెనక, మెడ సాచుకుని, చెవి మీది కండువా తీసేసి, ఆ చలిలో రెండు కిలోమీటర్లూ నడిచింది. ఒక్క ముక్క వినపడలేదు. పాసో లెంగాలో ఆవిడకు తెలియని సంగతి ఈరోజుకీ అదొక్కటే.