లేసు తెరల కొలత

పెన్సిల్వేనియాలోని మా ఉక్కు పట్టణంలో మసిబారిన లేసు తెరలను ఉతికి, మేకుల చట్రానికి బిగించి పెరట్లో ఆరబెట్టేవారు. ఏ కొలతకు బిగిస్తే ఆ కొలతకే అవి ఆరేవి. ఈస్టరుకు ముందు హుడాక్ వారి హాలు తెరలు కిటికీకి జానెడు పొట్టివయ్యాయి.

"మరిగే నీళ్లలో ముంచావా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?" అంటూ అత్తగారు జుజానా, కంచె అవతలి ఆడవాళ్లు వినేలా కోడలు వెరోనాను దులిపేసింది. వెరోనా తల వంచుకుంది.

చట్రం మడవబోయిన మామగారు ఆగి భార్య వైపు తిరిగాడు. "ఏమే, దీన్ని బిగించింది నువ్వే కదా? ఇది వంటింటి కిటికీ కొలత!"

జుజానా ముఖం కందిపోయింది. "లోపలికెళ్లాక దానికి చెప్తాలే," అని గొణిగింది.

"తిట్టింది పెరట్లో కదా!" అన్నాడాయన.

ఆమె కంచె దగ్గరికి నడిచి, "తప్పు నాదేనమ్మా, పిల్లది కాదు," అని గట్టిగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే సిగ్గు కాస్త తేలికయ్యేదేమో; ఈసారి జుజానాయే తల ఎత్తలేకపోయింది.