ఆరుగురు సింహాచలమ్మలు

"పెదతోటలో కిడ్నీ రోగులు పద్నాలుగుమందే. పాతికమంది ఉంటేనే వ్యాను!" ఆఫీసరు దక్షిణామూర్తి కాగితాన్ని బల్లమీద పడేశాడు.

టెక్కలి ఆఫీసులో గడియారం పదకొండూ పది. పన్నెండుకి ఊళ్ల జాబితా మూసేస్తారు. ఇక ఏడాది దాకా రక్తపరీక్షల వ్యాను ఉద్దానంలోని ఆ ఊరి వైపు తిరిగి చూడదు.

పెదతోట అమ్మాయి నాగసుధ ఆ కాగితం అందుకుంది. పలాస ఆసుపత్రి డేటాబేసు ఒకటి, టెక్కలి ఆసుపత్రిది ఇంకొకటి. రెండింట్లోంచీ రోగుల వివరాల వరసలు లాగి, ఒకే వెబ్ పేజీలో కలిపే ప్రోగ్రాం రాసింది తనే. పద్నాలుగేమిటి? తన వీధిలోనే అంతమంది!

వరండాలో ఊరి జనం కూర్చున్నారు. పిన్ని వరహాలమ్మ వాచిన కాళ్లు చాపుకుని అడిగింది. "ఏటన్నాడే?"

"పద్నాలుగుమందేనట పిన్నీ."

"ఒక్క సింహాచలమ్మలే ఆరుగురున్నారు కదే! నీ కంప్యూటర్‌కి లెక్కలు రావేటి?"

నాగసుధ ఆపరేటరు గదిలోకి పరుగెత్తింది.

అదే తప్పు! వరసలు కలపడానికి పేరునే గుర్తుగా పెట్టింది. అదే పేరు మళ్లీ వస్తే, పాత మనిషిని తోసేసి కొత్త మనిషి కూర్చుంటుంది. ఆరుగురు సింహాచలమ్మల్లో చివరావిడే మిగిలింది. ఇద్దరు ముగ్గురికి ఉన్న మిగతా పేర్లదీ అదే గతి. సింహాచలం దేవుడికి మొక్కుకున్న ప్రతి ఇంట్లోనూ ఆ పేరే కాబట్టి పెదతోటలో ఎవరినీ ఒట్టి పేరుతో పిలవరు. అక్కడే పుట్టి, తనే మరిచిపోయింది.

పేరు తీసేసి ఆసుపత్రి ఓపీ చీటీ మీది నంబరు పెట్టింది. ఇంకా ఘోరం! రెండు ఆసుపత్రులూ నంబర్లు ఒకటి నుంచే మొదలుపెట్టాయి. పలాస పదిహేడో నంబరుని టెక్కలి పదిహేడో నంబరు మింగేసింది.

పదకొండున్నర.

ఇంటిపేరు, పేరు, భర్త లేదా తండ్రి పేరు. మూడూ కలిపి గుర్తుగా పెట్టింది. రెండు ఆసుపత్రులకీ తిరిగినవాళ్లు ఒక్కసారే లెక్కకొచ్చారు. ఇరవై ఏడు!

కొత్త కాగితం చూసి దక్షిణామూర్తి నవ్వాడు. "అరగంటలో పదమూడుమంది పుట్టారా? దొంగ పేర్లు ఎక్కించావు. ఆరుగురు సింహాచలమ్మలట, ఎవరు నమ్ముతారు?"

"నమ్మొద్దండి. బయటికొచ్చి ఒక్కసారి పిలవండి."

విసురుగా గుమ్మంలోకి వచ్చాడు. "సింహాచలమ్మ ఎవరు?"

ఆరుగురు లేచారు.

"ఏ సింహాచలమ్మ బావూ? బొడ్డోలమ్మాయా, దున్నోలమ్మాయా?" అందొకామె. ఇంకొకామె చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, "ఈ కాళ్లు సూడు. దొంగ పేరో కాదో తెలుత్తాది" అంది.

అతను నాగసుధ వైపు తిరిగాడు. "ముందు తప్పుడు కాగితం ఇచ్చింది నువ్వేగా?"

"నేనేనండి. ఆ తప్పు నా పేరున రాసుకోండి. ఇరవై ఏడు మా ఊరి పేరున రాయండి."

పన్నెండుకి నాలుగు నిమిషాలు. వరహాలమ్మ ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూలబడింది.

"రాసినదాకా కదల్ను. రాయి బావూ."

రాశాడు.