ఎడమచేతి ముడి

పళ్ళ డాక్టరమ్మ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టిన గుడ్డ కుందేలుకి ఒకటే చెవి ఉంది. రెండోది ఆవిడ చేతిలో ఉంది.

"ఏమీ అనుకోకండి గానీ, మీ బొమ్మలు ఇలా ఉండేవి కావు. మా దగ్గరికొచ్చే పిల్లలు కుర్చీలో కూర్చుని దీని చెవులే గట్టిగా పట్టుకుంటారు. పోయిన వారం తెప్పించాను, అప్పుడే ఊడి చేతికొచ్చింది," అంది.

బొమ్మలక్క ఆ చెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ పేరు వీధిలో పిల్లలు పెట్టింది, ఇప్పుడు పెద్దలకీ అదే అలవాటైపోయింది. కుందేళ్ళు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. అయితే పోయిన వారం ఆమె ఒక్క బొమ్మ కూడా అమ్మలేదు. మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆన్‌లైన్ దుకాణానికి ఆర్డర్లే లేవు. గిరాకీ పడిపోయిందనుకుని తన రాతని తిట్టుకుంటూ కూర్చుంది.

గిరాకీ నిక్షేపంగా ఉంది. అది వెళ్ళే ఇల్లే మారింది. మొగుడు ఫోటోగ్రాఫరు. కుట్టేది ఆమె, ఫోటోలు తీసి పేజీ నడిపేది ఆయన. దుకాణం ఆమె పేరు మీదే ఉన్నా, తెరిచింది ఆయన ఫోన్ నంబరుతో. విడాకుల కాగితాలు లాయర్ల దగ్గర నలుగుతుండగా ఆ పెద్దమనిషి పాస్‌వర్డు మార్చాడు, డబ్బు పడే ఖాతా మార్చాడు. మార్చనివి ఆమె పేరూ, ఆమె ఫోటో, ఇన్నేళ్ళూ కొన్నవాళ్ళు రాసిన మంచిమాటలూ. వాటిని అడ్డం పెట్టుకుని దర్జాగా అమ్ముకుంటున్నాడు. "ఆర్డర్లొస్తే చెబుతాలే" అని వెళ్ళిన మనిషి మరి.

ఇంకొకరైతే దుకాణం పోయిందని ముందు లబోదిబోమనేవారు. బొమ్మలక్క నోట్లోంచి వచ్చిన మొదటి మాట వేరు.

"దీన్ని కుట్టింది ఎవరు?"

"మీరు కాదా?" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం ఆడపడుచు వచ్చింది. కొరియర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి, ముక్కు మీదే కోపం. సంగతి విని చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది. "నా తమ్ముడని వెనకేసుకొస్తాననుకోకు. వాడు చిన్నప్పుడు నా రంగుపెన్సిళ్ళు కొట్టేసి నాకే అద్దెకిచ్చాడు. పద, కంప్లెయింటు పెడదాం."

పెట్టారు. ఆ సైటు వాళ్ళు రెండు పక్కలా సాక్ష్యం అడిగారు. దుకాణం ఎవరిదైతే వాళ్ళు బొమ్మ కుడుతున్న వీడియో పంపాలన్నారు. ఫోటోగ్రాఫరు ఊరుకుంటాడా? పంపడమే కాకుండా, కొనేవాళ్ళకి నమ్మకం కలగాలని ఆ వీడియోని పేజీలో కూడా పెట్టాడు. కింద "మా పనిగది" అని రాశాడు.

అందులో మొహం లేదు. మెడ కింద నుంచే ఉంది. రెండు చేతులు, ఒక సూది, ఒక కుందేలు.

బొమ్మలక్క దాన్ని చూసింది. మళ్ళీ చూసింది. అన్నం తింటూ చూసింది, గిన్నెలు కడుగుతూ కుళాయి పక్కన ఫోను నిలబెట్టి చూసింది. గోళ్ళకి లేత రంగు. వేళ్ళు సన్నం. వయసు తనకంటే తక్కువే అయ్యుంటుంది. కుళ్ళు, అంతే, దానికి ఇంకో పేరు పెట్టి పెద్దరికం చెయ్యక్కర్లేదు.

"సిగ్గు లేదటే నీకు? నీ దుకాణం పోతుంటే దాని గోళ్ళు చూస్తావా? సైటు వాళ్ళు గడువు పెట్టారు. నీ వీడియో ఏదీ?" అంది ఆడపడుచు.

"పంపుతా వదినా. ఇది చూడండి ముందు. ఇక్కడ, ఇక్కడ ఆపండి."

వీడియోలో ఆ మనిషి చెవి కుట్టే ముందు కుందేలు తలని గడ్డం కింద అదిమి పట్టుకుంది. అది బొమ్మలక్క పద్ధతి. ఎవరూ నేర్పింది కాదు. చేతులు రెండూ ఖాళీగా ఉండాలని తనంతట తాను ఎప్పుడో అలవాటు చేసుకుంది. ఆమె కుట్టినంతసేపూ ఆయన పక్కనే కెమెరా తుడుచుకుంటూ, ఫోను గీకుతూ, పిలిచినా పలక్కుండా ఉండేవాడు. చూడటం లేదని ఎన్నిసార్లు పోట్లాడిందో! చూశాడన్నమాట. చూసి, మూటగట్టి, తీసుకెళ్ళి ఇంకోదానికి నేర్పాడు.

"మీ తమ్ముడు నా గడ్డం కూడా పట్టుకెళ్ళాడు వదినా," అంది. నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది.

ఆడపడుచు ఈసారి తిట్టలేదు. ఫోను చేతిలోకి తీసుకుని తనూ చూసింది. "అవునే, ఇది కుడిచేత్తో కుడుతోందేం?" అంది.

బొమ్మలక్కది ఎడమచేతి వాటం. లేచి వెళ్ళి డాక్టరమ్మ ఇచ్చిన కుందేలుని దీపం కిందికి తెచ్చింది. చెవి మొదట్లో దారాన్ని తన ఎడమపక్క కిటికీ వైపుకి చుట్టి, ఆ చుట్ల కిందనుంచి సూదిని లాగి ముడి వెయ్యడం ఆమె అలవాటు. ఎడమచేత్తో వేస్తే బిగిసిపోతుంది. ఆయన చూసింది చూసినట్టు నేర్పాడు, దారం ఎటు తిరగాలో కూడా వదల్లేదు. పాపం ఆ కుడిచేతి మనిషి అక్షరం తప్పకుండా అలాగే చుట్టింది. కుడిచేతి సూది ఎదురువైపు నుంచి కిందికి దూరేసరికి చుట్లు వదులైపోతాయి. పిల్లలెవరైనా గట్టిగా పట్టుకుంటే చెవి చేతికొస్తుంది.

ఆ ముక్కే రాసి పంపారు. పాత బొమ్మల ముడులు, కొత్త బొమ్మ ముడి పక్కపక్కన ఫోటో తీశారు. ఎడమచేత్తో కుట్టిన వీడియో జత చేశారు. డాక్టరమ్మ తన చేతిలోకి ఊడొచ్చిన చెవి గురించి రెండు మాటలు రాసిచ్చింది.

జవాబు వచ్చేసరికి బొమ్మలక్క ఆడపడుచు కౌంటర్ దగ్గరే ఉంది. దుకాణం ఆమెదే అని తేల్చారు. కొత్త పాస్‌వర్డు పెట్టుకుంది. పేజీ తెరుచుకుంది. పైన ఎర్రగా ఒక బటన్, మిగతా ఫోన్లన్నింటిలోంచీ దుకాణాన్ని మూసెయ్యమంటారా అని. నొక్కేదాకా ఆయన కూడా లోపలే ఉన్నట్టు.

"నొక్కు," అంది ఆడపడుచు, ఎవరిదో పార్శిల్ తూకం వేస్తూ.

బొమ్మలక్క మెసేజీల్లోకి వెళ్ళింది. తన ఫోనులో ఉంటే లాయర్లకి దొరుకుతుందని కాబోలు, ఆ కుట్టే మనిషితో మాటలన్నీ ఆయన ఇక్కడే నడిపాడు.

"చెవి ఎలా పట్టుకోవాలి?" అని ఆమె అడిగింది. ఆయన ఇంతపొడుగు రాశాడు. "తలని గడ్డం కింద పెట్టుకునేది. అప్పుడు ఒక కన్ను కొంచెం మూసేది. దారం తెగితే దాన్ని తిట్టేది కాదు, బుజ్జగించేది. ఆ టైములో పిలిస్తే పని పాడవుతుందని నేను పలికేవాణ్ణి కాదు."

"నొక్కావా?"

"ఒక్క నిమిషం వదినా."

"నిమిషమేంటే, అటు చూడు! బొమ్మలు పోతున్నాయి!"

ఆయనకి తెలిసిపోయినట్టుంది. దుకాణంలో ఫోటోలు వరసగా మాయమవుతున్నాయి. నీలం చొక్కా కుందేలు పోయింది. కవలపిల్లలు పోయాయి. పోయినవాటికింద జనం రాసిన మాటలు కూడా పోతున్నాయి. బొమ్మలక్క వేలు ఇంకా ఆ పొడుగాటి మెసేజి మీదే ఉంది. ఇంకా చాలా ఉంది చదవాల్సింది. ఆడపడుచు కౌంటర్ మీదకి వంగి భుజం పట్టి కుదిపింది.

నొక్కింది. ఫోటోలు పోవడం ఆగింది. సగానికి సగం మిగిలాయి.

"హమ్మయ్య! ఇక వాడి చెవిలో పువ్వే," అని ఆడపడుచు తూకం దగ్గరున్న మనిషికి కూడా సంబరంగా చెప్పి, పార్శిల్ తీసుకుని లోపలికి వెళ్ళింది.

అప్పుడు ఫోను మోగింది. కొత్త మెసేజి. దుకాణం చేతులు మారిందని ఆ కుట్టే మనిషికి ఇంకా తెలియదు.

"మళ్ళీ చెవులు ఊడాయట. నావల్ల కాదు. చెవి గురించి అడిగితే ఆవిడ గురించి చెబుతారు మీరు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. అంతలా చూస్తుంటే ఆవిడకి తెలిసేది కాదా?"

బొమ్మలక్క ముందు ఒక తిట్టు టైపు చేసింది, చెరిపేసింది. నేనే ఆవిణ్ణి అని టైపు చేసింది, అదీ చెరిపేసింది. వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు జరగమంటుంటే గోడ పక్కకి జరిగి నిలబడింది.

"తెలియలేదు," అని రాసి పంపింది.