ముందుగదిలో శాసనసభ

మా ఆయన శాసనసభ్యుడు. అక్కడ నోరు విప్పే ముందు ఇక్కడ, మా ముందుగదిలో, ఒకసారి విప్పి చూసుకుంటారు. సోఫా అధికారపక్షం. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ప్రతిపక్షం. పెళ్లయిన నాటి నుంచీ అది నాదే. ఆయన చెల్లెలు, అంటే మా ఆడపడుచు, స్పీకరు. గరిటెతో బల్ల మీద కొట్టి అన్నగారి నోరు మూయించే అవకాశం ఆవిడకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రజలు మా వంటావిడ. పీట మీద కూర్చుని వింటుంది. ఆమెకు అర్థంకాని ప్రసంగం సభకు వెళ్లదు, అది ఆయన పెట్టుకున్న నియమం. బడుల విలీనం మీద గంటసేపు దంచాక, "ఇంతకీ మా వీధి బడి ఉంటుందా, పోతుందా అండీ?" అని ఆమె అడిగితే మొత్తం తిరగరాశారు. రసాయనాల ఫ్యాక్టరీ విషయంలో మాత్రం ఆమెకే కాదు, మాకూ ఏమీ అర్థం కాలేదు. నది పాడవకూడదన్నారు, మన ప్రాంతానికి ఉద్యోగాలు రావాలన్నారు. "గోడ మీద పిల్లిలా ఎంతసేపు కూర్చుంటావు అన్నయ్యా?" అంది ఆడపడుచు.

ఆ రోజు బిల్లు వలస వచ్చినవాళ్ల గురించి. కాగితాల్లేకుండా సరిహద్దు దాటినవాళ్ల పిల్లలకు ఈ ఏడాది నుంచి సర్కారు బడుల్లో చోటు ఉండదు. పార్టీ ఏరి కోరి ఆయన్ని మాట్లాడమంది. మంత్రి పదవి ఊరిస్తోంది.

వంటావిడ కడుపుతో, కాగితాలేవీ లేకుండా సరిహద్దు దాటి వచ్చిన మనిషి. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. కూతురు మా ఇంట్లోనే పెరిగింది, సర్కారు బడిలో పదో తరగతికి వచ్చింది. వంటావిడ ఎంత ఇంటిమనిషి అయిపోయిందంటే, ఆ బిల్లు ఆమె గురించేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. అలవాటు ప్రకారం పిలిచాం. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

ఆయన అందుకున్నారు. మన పిల్లల చోట్లు వాళ్లు తన్నుకుపోతున్నారన్నారు. నేనూ తక్కువ తినలేదు, లెక్కలు చూపించమని నిలదీశాను. ఆడపడుచు గరిటె ఎత్తి, ఎత్తినట్టే ఆగిపోయింది. ఆవిడ చూపు పీట వైపు వెళ్లాక గానీ నాకు తెలివి రాలేదు. ఆయన మాత్రం చివరిదాకా చదివి, ఎప్పటిలాగే అడిగారు.

"అర్థమైందా అమ్మా?"

"అర్థమైందండి. ఇంత తేలిగ్గా మీరెప్పుడూ చెప్పలేదు." తడి లేని చేతులు మళ్లీ తుడుచుకుంది. "పిల్ల పరీక్షలు రాయొచ్చా అండీ?"

ఆయన కాగితాలు గబగబా మడిచేశారు. "నీ సంగతి వేరమ్మా. నువ్వు మన ఇంటిమనిషివి."

"ఆ మాట మీరు చదివినదాంట్లో లేదండి."

"చట్టంలో అలాంటివి రాయరు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఈసారి నాటకం కాదు.

"ఓటేసి వచ్చి ఆ పిల్ల మొహం ఎలా చూస్తారు?"

"నేను వెయ్యకపోయినా నెగ్గుతుంది. నా సీటు పోవడం తప్ప ఏం ఒరుగుతుంది?" తల మాత్రం ఎత్తలేదు.

మర్నాడు టీవీలో చూశాను. ఒక్క మాటా మార్చలేదు. అంత బాగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. బల్లలు చరుస్తూనే ఉన్నారు. బిల్లు నెగ్గింది. నాకు సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది, అయినా కుర్చీలోంచి లేవలేకపోయాను. వంటావిడ గుమ్మం దాకా వచ్చింది.

"టీవీ కాస్త తగ్గించండమ్మా. పిల్ల చదువుకుంటోంది."