వస్తాదు తోక

నా చెల్లెలి మొగుడు జిమ్‌లో కోచ్. ఎవరి పేరూ గుర్తుండదు గానీ, ఎవరి ఒంట్లో ఎంత కొవ్వుందో మాత్రం చూడగానే చెప్తాడు. అదొక మహావిద్య అనుకుంటాడు. నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషి నడుము కొలత టేపు తియ్యకుండా చెప్పగలను. అయినా అతను జిమ్ అద్దాల మీద రాయించుకున్నట్టు నేను రాయించుకోలేదు.

ఆ మహానుభావుడు పోయినేడు ఒక బల్లిని కొన్నాడు. గోడల మీద తిరిగేది కాదు. పసుప్పచ్చటి ఒళ్లు, నల్లటి మచ్చలు, రెప్పలార్పే కళ్లు. చిరుతమచ్చల గెకో అంటారట. మనుషులకు కండలు పెంచడం అయిపోయింది కాబట్టి దీనికి వస్తాదు అని పేరు పెట్టి, గాజు పెట్టెలో పెట్టి, జిమ్ గుమ్మం దగ్గర ఉంచాడు. దాన్ని భుజం మీద ఎక్కించుకుని రకరకాలుగా ఫొటోలు దిగాడు. వాటిలో ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ బుద్ధిగా కనిపిస్తారో నన్నడిగితే బల్లే అంటాను.

నాలుగు నెలలు తిరక్కుండానే చెల్లెలు దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకుని నా షాపుకొచ్చింది. షాపంటే మా ముందుగదే. కత్తిరింపుల బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీ చెక్క.

"లేవడం లేదక్కా ఇది," అంది.

మూత తీసి చూశాను. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. తోక ఎండిన చిక్కుడు తొడిమలా ఉంది.

"ఏం పెడుతున్నారు దీనికి?"

"వారానికి రెండు పురుగులు. ఆయన డైటింగ్‌లో పెట్టారు."

"బల్లినా?"

"తోక లావుగా ఉందని."

చెల్లెలు మంచిది. మొగుడు సూర్యుడు పడమట పొడిచాడంటే, ఈరోజు కాస్త ఆలస్యంగా పొడిచాడండీ అనే రకం. దాన్ని తిట్టి లాభం లేదని డబ్బా చంకన పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి నడిచాను. ఆ ముసలాయన వస్తాదును అరచేతిలో తిప్పి చూసి, తర్వాత నన్ను చూశాడు. నేనే మాడ్చానన్నట్టు చూశాడు.

"ఈ జాతికి తోకే గాదె," అన్నాడు. "తిన్నదంతా అందులో దాచుకుంటుంది. తిండి దొరకనినాడు అందులోంచే బతుకుతుంది. తోక ఎంత లావుంటే అంత ఆరోగ్యం. యాభై గ్రాములుండాల్సింది ఇరవై రెండుంది. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే దక్కదు."

అంటే గాదె నిండుగా ఉందని చూసి, అయ్యో ఇల్లు లావైపోయిందని తగలబెట్టాడన్నమాట మా కోచ్. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నేనే పెంచుతాను, తోక మళ్లీ లావెక్కాక అతన్ని పిలిచి చూపిస్తాను అనుకున్నాను. బల్లుల మీద నాకు ప్రేమేమీ లేదు. ఒట్టి పౌరుషంతోనే తెచ్చి, జిమ్ నుంచి గాజు పెట్టె తెప్పించి, కత్తిరింపుల బల్ల చివర పెట్టుకున్నాను.

ముందు వేడి, తర్వాతే తిండి అని చెప్పాడు డాక్టరు. ఒళ్లు చల్లగా ఉంటే తిన్నది అరగక లోపలే కుళ్లుతుందట. పెట్టె అడుగున ఒక పక్క కరెంటుతో వేడెక్కే చాప పరిచాను. డాక్టరిచ్చిన పొడి నీళ్లలో కలిపి ముక్కు మీద ఒక్క చుక్క వేసేదాన్ని. నాకితే నాకినట్టు, లేకపోతే లేదు. మొదటి రోజు నాకలేదు. రెండోరోజూ నాకలేదు. "చస్తే చావు, మీ యజమానికి పేరొస్తుంది," అన్నాను. మూడోనాడు గులాబి రంగు నాలిక బయటికొచ్చి, ముక్కు తుడిచి, ఆపైన కన్ను కూడా తుడిచి లోపలికెళ్లింది. ఒక్క చుక్కే అనుకున్నదాన్ని ఇంకోటీ వేశాను గానీ ఎవరికీ చెప్పలేదు.

రెండో వారానికి పురుగులు. తవుడులో మెసులుతూ డబ్బాలో వస్తాయి. దారాలు పీకే పట్టకారుతో ఒక్కోదాన్నీ పట్టి, కాల్షియం పొడిలో దొర్లించి, దాని మూతి ముందు ఆడించేదాన్ని. గౌను కుట్టించుకోవడానికొచ్చిన బ్యాంకు ఆఫీసరమ్మ ముక్కు మూసుకుంది.

"ఆ పురుగుల పక్కనా నా గుడ్డ పెట్టేది?"

"భయపడకండి. వాటికీ రుచులుంటాయి," అన్నాను.

ఆవిడ మళ్లీ రాలేదు. పోతే పోయింది, ఆవిడ చెప్పే కొలతల్లో సగం కోరికలే.

మా కోచ్ మాత్రం వారానికోసారి ఫోన్ చేసేవాడు. "కాస్త పరిగెత్తించు వదినా, ఊరికే తిని పడుకుంటే కండ రాదు." పొడిలో పొర్లిన పురుగు కోసం అది తోక చివర ఆడించుకుంటూ ఒక్కో అడుగూ వేస్తుంటే నేను మిషను ఆపి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ సంగతి అతగాడికెందుకు?

మూడో నెల చివర వీధి మలుపులో ఉన్న బేకరీ అతని చిన్న కాటా తెచ్చి తూచాను. నలభై ఎనిమిది. తోక నా బొటనవేలికన్నా లావుంది. మధ్యలో ఉబ్బి, చివర సన్నంగా. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి ఇద్దర్నీ రమ్మన్నాను. ఇంకో రెండు గ్రాములు పెరిగేదాకా ఆగొచ్చు. ఆగలేకపోయాను.

ఆదివారం పొద్దున్నే దిగాడు. చేతులు లేని బనీను, చేతిలో ప్రోటీను సీసా. జిమ్ పోస్టరుకి ఫొటో కావాలట. పక్కపక్కన పాత వస్తాదు, కొత్త వస్తాదు, కింద తన పేరు. నేను వస్తాదును బల్ల మీద సుద్దముక్కల పక్కన వదిలాను. అతను వంగి చూసి పెదవి విరిచాడు.

"మిగతాదంతా బావుంది గానీ, తోక మళ్లీ పాడుచేశావు వదినా. ఒక నెల తిండి తగ్గించి కటింగ్‌లో పెడితే సరిపోతుందిలే."

ఒళ్లు తెలిసిన మనిషినైతే డాక్టరు మాట చెప్పి ఊరుకునేదాన్ని. మూడు నెలలుగా ఈ క్షణం కోసమే కాచుకుని కూచున్న దాన్ని. నా నోరు ఆగుతుందా?

"నీ కళ్లకేం తెలుస్తుందయ్యా? పెళ్లాం మొహంలో ఏముందో తెలీదు, బల్లి తోకలో ఏముందో తెలుస్తుందా? పట్టుకుని చూడు. కొవ్వేదో బలమేదో చేతికైనా తెలుస్తుందేమో."

పట్టుకున్నాడు. జిమ్‌లో మనుషుల పొట్ట మడత పట్టుకున్నట్టే, రెండు వేళ్లతో గిల్లి పైకెత్తాడు.

తోక అతని చేతిలోకి వచ్చేసింది. వస్తాదు గుడ్డముక్కల కిందికి దూరింది. తోక అతని వేళ్లలోంచి జారి బల్ల మీద పడి, ఎగిరెగిరి కొట్టుకుంది. మా కండల మహారాజు ఇస్త్రీ చెక్కని పడేసి గోడకు అంటుకుపోయాడు. మూడు నెలల తిండి. పొద్దున్నా సాయంత్రం ఒక్కో పురుగూ. అదంతా నా కళ్లముందు గింజుకుంటోంది.

"నేనేం చెయ్యలేదు వదినా," అన్నాడు. ఏడుపు గొంతు.

తిట్లు వరసగా నాలిక మీదికొచ్చి నిలబడ్డాయి. ఈలోగా చెల్లెలు కాగితం ముక్కతో తోకను ఎత్తుతూ, ఎప్పట్లాగే మెల్లిగా అంది.

"నువ్వు పట్టుకోమంటేనే కదక్కా ఆయన పట్టుకున్నారు."

నిజానికి తోక ముట్టుకోవద్దని, భయపడితే తెంచుకుని పారిపోతుందని డాక్టరు నాకు మొదటిరోజే చెప్పాడు. అతనికి తెలీదు. నాకు తెలుసు. తెలిసీ పట్టుకోమన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక గుడ్డలన్నీ ఒక్కోటీ తీసి వస్తాదును వెతికాను. ముప్పై తొమ్మిది గ్రాములు తూగింది. పురుగు చూపిస్తే మొహం తిప్పుకుంది.

మర్నాడు డాక్టరు గాయం చూసి, మందు రాసి, తోక మళ్లీ వస్తుందిలే గానీ మొదటిదానిలా ఉండదన్నాడు. అప్పటిదాకా రోజూ తిండి తప్పకూడదన్నాడు.

"ఏ తెలివితక్కువ మనిషి చేసిన పనమ్మా ఇది?" అని అడిగాడు.

"నేనే," అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.