రెండు కప్పుల దూరం

పొద్దున లేవగానే నెరీడా కెసెల్ చేసే మొదటి పని బూట్లు తిరగేసి దులపడం. రెండోది ఈగల్ని తిట్టడం. మూడోది సైకిల్ టైర్లని బొటనవేలితో నొక్కి చూసి, "ఇవాళ కూడా నా పరువు నీ చేతుల్లోనే ఉంది" అని ముందు చక్రానికి చెప్పడం. వెనక చక్రానికి ఏమీ చెప్పేది కాదు. అది అంతకుముందు వారమే రెండుసార్లు పంక్చరైంది, అప్పట్నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఫోన్లు ఇంకా గోడకి వేలాడే రోజులవి. ఆస్ట్రేలియా ఎడారి మధ్యలో టిల్పారా రోడ్‌హౌస్ అంటే ఒక పెట్రోల్ పంపు, ఒక వంటిల్లు, ఒక రేకుల షెడ్డు, వాటన్నిటికీ కలిపి ఫే లోమస్ అనే ఒక్క యజమానురాలు. ఆ ఉదయం నెరీడా గుడ్లూ బేకనూ తింటుండగా ఫే ఫోన్ అందుకుంది. ఎవరు బయల్దేరినా అవతలి రోడ్‌హౌస్‌కి చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఫలానా మనిషి వస్తున్నాడు, నీళ్లు పెట్టు అంటారు. అవతలివాళ్లు ఆ పేరు తలుచుకుని పొయ్యి మీద కెటిల్ పెడతారు. కెటిల్ పెడితే రోడ్డు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది పెట్టినవాళ్ల మనసుని బట్టి ఉంటుంది. మొహమాటానికి పెడితే ఓ మలుపు తగ్గుతుంది. నిజంగా రావాలని పెడితే, సాయంత్రానికి చేరాల్సినవాడు మధ్యాహ్నం భోజనానికే గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. పశువుల లారీలవాళ్లు ఇది లెక్కేసుకునే డీజిల్ పోయించుకుంటారు.

తనకోసం తను పెట్టుకుంటే పనిచేయదు. ఒక్క కప్పుకి పెట్టినా పనిచేయదు, వచ్చేవాళ్లకీ పెట్టినవాళ్లకీ ఇద్దరికీ సరిపోవాలి. ఇంకోటి, ఒకరి పేరు మీద కాచిన నీళ్లు వాళ్లొచ్చేదాకా ఎవరి గొంతూ దిగవు. ఓసారి ఓ లారీ డ్రైవర్ కోసం పెట్టిన టీని, వాడు రాకపోయేసరికి ఫే తాగబోయింది. మొత్తం ముక్కులోంచి వచ్చేసింది. ఆ మచ్చ ఇప్పటికీ కౌంటర్ వెనక గోడ మీదుంది.

"ఫోన్ పెట్టెయ్, ఫే," అంది నెరీడా, నోట్లో గుడ్డు ఉండగానే. "నాకెవరూ పెట్టొద్దు."

ఫే రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకుంది. "గాలి ఎటునుంచి వీస్తోందో చూశావా తల్లీ? పైగా ఇవాళా రేపూ నువ్వెళ్లే యెర్డా క్రీక్‌లో గుర్రప్పందేలు. జనమంతా అక్కడే ఉంటారు, రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. చిన్న కెటిల్ పెట్టమంటాలే."

"చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు. నా రోడ్డు నాకు పూర్తిగా కావాలి."

ఈ మొండితనానికి ఒక కారణముంది. నెరీడా నాన్న లెన్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఇదే దారిలో సైకిల్ మీద ఒంటరిగా దేశం దాటాడు. తిరిగొస్తే ఊళ్లో పబ్బులో ఒక్కడూ నమ్మలేదు. వాళ్లమ్మ దారిపొడవునా ఫోన్లు చేసి కెటిళ్లు పెట్టించిందనీ, వాడు తొక్కింది సగం ఆస్ట్రేలియానే అనీ తేల్చేశారు. ఆయన కాదన్నాడు కానీ సాక్షి లేడు. ఆ రోజునుంచి ఆయన పేరు సగం లెన్. బీరు అడిగితే సగం గ్లాసు పోసి ఇచ్చేవాళ్లు. నిరుడు ఆయన్ని పాతిపెట్టడానికి మోసుకెళ్తుంటే ఒకడు, పెట్టె సగమే బరువుందేమిటి అన్నాడు. అన్నవాడు మంచివాడే, ఏడుస్తూనే అన్నాడు. కానీ ఆ పెట్టెకి ముందువైపు భుజం పట్టింది నెరీడా. ఆ వారంలోనే వెళ్లి సైకిల్ కొనుక్కుంది.

మూల బల్ల దగ్గర మెర్వ్ టక్‌వెల్ టోస్టు ముక్కని గంటనుంచి నములుతూ ఇదంతా వింటున్నాడు. మెర్వ్ ఆ మట్టిరోడ్డు మీద గ్రేడర్ నడుపుతాడు. లారీలు తొక్కి తొక్కి లేపిన అలల్ని బ్లేడుతో గీకి చదును చేస్తూ, వెనకాల తను పడుకునే డబ్బా బండిని లాక్కుంటూ, మనిషి నడకంత వేగంతో పోతుంటాడు. గ్రేడర్ మనిషికి కెటిల్ పెట్టకూడదు. పెడితే తగ్గిన రోడ్డంతా గీకకుండా మిగిలిపోతుంది. పని ముగించి, బ్లేడు పైకెత్తేసి ఇంటికొచ్చేటప్పుడు మాత్రం పెట్టొచ్చు. ఆయన భార్య జాయిస్ అలాగే పెట్టేది. జాయిస్ పోయాక ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గ్రేడర్ మనిషి కదా, పెట్టకూడదు కదా అని ఊరుకున్నారు. అందుకే మెర్వ్ ఎక్కడికైనా అందరూ తిని కంచాలు కడిగేశాక వస్తాడు. యెర్డా క్రీక్‌లో ఆయన్ని 'చల్లారిన చాప్స్' అంటారు, ఆయనకి మిగిలేవి చల్లారిన మాంసం ముక్కలే కాబట్టి.

"పెడతామని వెంటపడుతుంటే వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు మెర్వ్.

"అయితే నా వాటా నువ్వు తీసుకో పెద్దాయనా."

"నాకెందుకమ్మాయ్. తొందరగా వెళ్లి ఏం చెయ్యాలి?"

అప్పుడే ఫోన్ మోగింది. మెర్వ్ చటుక్కున తలెత్తాడు. ఎవరో గొర్రెల లారీ మనిషి గురించి. ఆయన తల మళ్లీ టోస్టు మీదికి దించుకున్నాడు. అది చూసి నెరీడాకి లోపల్లోపల నవ్వొచ్చింది. ఈ వయసులో ఈయనకి ఎవరి ఫోనో అనుకుంది.

ఇద్దరూ ఒకే పొద్దున ఒకే వైపు బయల్దేరారు. రోడ్‌హౌస్ దాటీ దాటగానే నెరీడా గ్రేడర్‌ని దాటేసింది. మ్యాగ్‌పై పిట్టలు నెత్తిన తన్నకుండా హెల్మెట్ నిండా ప్లాస్టిక్ పుల్లలు గుచ్చుకుని ముళ్లపందిలా ఉన్న ఆమెని చూసి, మెర్వ్ స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తాడు. ఆ రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్లకీ ఎత్తాల్సిన వేలే అది. నెరీడా కూడా హ్యాండిల్ మీంచి ఒక వేలెత్తింది. తర్వాత ఆమె ముందు ఎర్రటి రోడ్డు, ఉప్పునేల పొదలు తప్ప ఇంకేమీ లేవు.

ఉత్తరం గాలి పదింటికే వడగాలిగా మారింది. ఎవరో పొయ్యి తలుపు తెరిచి మూయడం మరిచిపోయినట్టు వీస్తోంది. రోడ్డు మీద అలలకి పళ్లు టకటకలాడుతున్నాయి. మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. సగం దారిలో పశువుల కోసం కట్టిన నీళ్ల తొట్టి ఉంటుందని ఆమెకి తెలుసు, అక్కడ ఆగి నీళ్లు నింపుకోవాలనుకుంది. తొట్టి ఉంది. దాని పక్కన నీళ్లు తోడే గాలిమర కూడా ఉంది, రెక్కలు విరిగి. తొట్టిలో ఎండిన బురద, ఒక కాకి ఈకలు.

పోనీలే, సీటు వెనక పెద్ద నీళ్లసంచి ఉంది కదా అనుకుని చెయ్యి పెట్టింది. సంచి మెత్తగా తగిలింది. కుదుపులకి రాసుకుని రాసుకుని అడుగున నోరు తెరుచుకుంది. ఎప్పట్నుంచి కారుతోందో తెలీదు, కారిన చుక్కని కారినట్టే గాలి తాగేసింది. హ్యాండిల్‌కున్న సీసాలో కొంచెం మిగిలింది.

కంగారు పడలేదు. కంగారు పడితే చెమట పడుతుంది, చెమట కూడా నీళ్లే. ఎక్కి తొక్కింది. ఒక దిబ్బ దాటాక కింద టక్కుమంది. వెనక ఇరుసు విరిగి చక్రం పక్కకి వాలింది.

"సరే," అంది నెరీడా వెనక చక్రంతో, వారం తర్వాత మొదటిసారి. "తప్పు నాదే. మాట్లాడాల్సింది."

బండి విడిచి నడిచినవాళ్లు ఏమవుతారో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. సైకిల్‌ని తిరగేసి, దానిమీద గుడారం గుడ్డ కప్పి, ఆ నీడలో ముడుచుకుంది. ముందునుంచి ఎవరూ రారు, అందరూ గుర్రాల దగ్గరున్నారు. ఆమె ఎప్పుడొస్తుందని ఎదురుచూసేవాళ్లు కూడా అక్కడ లేరు, పేరే చెప్పనివ్వలేదు కదా. వెనక మెర్వ్ ఉన్నాడు. కానీ ఆయన నడకకి ఇక్కడిదాకా రావడానికి ఎల్లుండి అవుతుంది. సాయంత్రానికి నాలుక పెదవులకి అంటుకోవడం మొదలైంది. రాత్రి ఎలాగో గడిచింది. తెల్లారేసరికి గాలి మళ్లీ లేచింది. ఈగలు కూడా లేచాయి. వాటిని తిట్టడానికి నోట్లో తడి లేదు.

సీసాని ఎండకెత్తి చూసింది. రెండు కప్పులు. జాగ్రత్తగా తాగితే మధ్యాహ్నం దాకా వస్తాయి. రేపటి దాకా రావు.

అప్పుడు ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. మెర్వ్ పేరు చెప్పి పొయ్యిమీద పెడితే ఆ నీళ్లు ఆయనవి అయిపోతాయి. ఆయన రాకపోతే, ఎదురుగా నీళ్లుండగానే గొంతెండి చావాలి. చాలాసేపు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి ఎండు ముల్గా తుమ్మ పుల్లలు ఏరి నిప్పు చేసింది. నిప్పు మీద టీ కాచుకునే బిల్లీ డబ్బాలో రెండు కప్పులూ వంచింది, చివరి చుక్కతో సహా.

నీళ్లు వేడెక్కాయి. రోడ్డు మాత్రం రోడ్డులాగే ఉంది. ఆమె మెర్వ్ గురించి గట్టిగా తలుచుకుంది. తలుచుకున్న ప్రతిసారీ కనపడుతున్నది మెర్వ్ కాదు, ఆయన డబ్బా బండి కింద వేలాడే నీళ్ల ట్యాంకు. ట్యాంకు కోసం పెట్టిన కెటిల్‌కి ఏ రోడ్డు తగ్గుతుంది? డబ్బాలోంచి ఆవిరి లేస్తోంది. ఇంకాసేపు ఇలాగే మరిగితే రెండు కప్పులు కాస్తా ఒకటిన్నర అవుతాయి, అప్పుడు ఇక ఎవరి పేరుకీ పనికిరావు. ఆమె ఒక్కో పుల్లనీ వెనక్కి లాగుతూ మంట తగ్గించింది.

ట్యాంకుని కళ్లముందునుంచి ఎలా తోసెయ్యాలో తెలీక కళ్లు మూసుకుంది. అప్పుడు కనపడింది టోస్టు. దాని మీదినుంచి చటుక్కున లేచిన తల. ఫోన్‌లో చెప్పేది తన పేరు కాదని తెలిశాక, ఎవరూ చూడలేదనుకుని మెల్లిగా దిగిపోయిన తల. తను చూసింది. చూసి నవ్వుకుంది. పెడతామన్న కెటిల్‌ని కాలితో తన్నేసే తను, ఫోన్ మోగిన ప్రతిసారీ ఆశపడే మనిషిని చూసి నవ్వుకుంది.

నెరీడా గొంతు సర్దుకుంది. సర్దుకోవడానికి కూడా ఏమీ లేదు అక్కడ. ఫే ఫోన్‌లో చెప్పినట్టే, అదే గొంతుతో, ఎడారికి చెప్పింది.

"మెర్వ్ టక్‌వెల్ బయల్దేరాడు. నీళ్లు పెట్టాను."

బిల్లీ డబ్బా మూత గలగలమంది. గుప్పెడు టీ ఆకు వేసింది. వేసి తలెత్తేసరికి, దిబ్బ మీద దుమ్ము. దుమ్ములోంచి పసుపుపచ్చ గ్రేడర్, దాని అద్దం వెనక నోరు తెరిచిన మెర్వ్. ఇంత కలవరంలోనూ ఆయన వేలు స్టీరింగ్ మీంచి దానంతటదే లేచింది.

బండి ఆపి దిగాడు. వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. కోపంగా ఉన్నాడో భయంగా ఉన్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"గ్రేడర్ మనిషికి పెట్టకూడదని తెలీదా నీకు? ఇప్పుడు ఆ మధ్య రోడ్డంతా ఎవడు గీకుతాడు?"

"తర్వాత తిట్టు. చల్లారిపోతుంది, కూర్చో."

చల్లారిపోతుంది అన్న మాట దగ్గర మెర్వ్ ఆగిపోయాడు. టోపీ తీసి మట్టిలో కూర్చున్నాడు. ఆమె మూతలో ఆయనకి పోసి, మిగిలింది కప్పులో తనకి పోసుకుంది. ఆయన పెదవి తడిశాకే ఆమె గుక్క వేసింది. దిగింది. ఆ దిగడం మోకాళ్లదాకా తెలిసింది ఆమెకి.

"పాలు లేవేం?" అన్నాడు మెర్వ్, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆ తర్వాతే ఆమె పగిలిన పెదవులు చూశాడు. నోరు తెరిచిన నీళ్లసంచి చూశాడు. చేతిలోని మూతలోకి చూసుకున్నాడు.

"ఇవి చివరి నీళ్లా, అమ్మాయ్?"

"కాదు. చివరివి నీ ట్యాంకులో ఉన్నాయి."

ఆయన పరిగెత్తాడు. మెర్వ్ టక్‌వెల్ పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

ఆ రోజంతా ఆమెని డబ్బా బండిలో పడుకోబెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టిస్తూ, మధ్యమధ్యలో ఇరుసు అతికించాడు. ఆమె పడుకునే వాళ్ల నాన్న కథంతా ఆయనకి చెప్పింది. మర్నాడు పొద్దున గాలి చల్లబడ్డాక, సైకిల్ వెనక పడేసుకుని యెర్డా క్రీక్‌లో దించుతానన్నాడు. ఆమె వినలేదు. ఆయన కూడా పెద్దగా బతిమాలలేదు.

"నీ రోడ్డు అంగుళం తగ్గలేదులే. తగ్గింది నాది," అన్నాడు. "గీకని రోడ్డంతా వెనకాల పడుంది, ఎవడైనా వెళ్లి చూసుకోవచ్చు. మీ ఊరి పబ్బుకొచ్చి నేనే చెప్తా."

సగం లెన్‌కి దొరకనిది అదే. నెరీడా చాలాసేపు హెల్మెట్ పెట్టుకుంటూనే ఉంది, పుల్లలు సర్దుకుంటున్నట్టు. తర్వాత రెండు చక్రాలతోనూ మాట్లాడి ఎక్కింది. మెర్వ్ సణుక్కుంటూ గ్రేడర్‌ని వెనక్కి తిప్పాడు, వదిలేసిన రోడ్డు గీకడానికి.

యెర్డా క్రీక్‌లో గుర్రాలు వెళ్లిపోయాయి, ఖాళీ సీసాలు మిగిలాయి. నెరీడా సాయంత్రానికి చేరింది. రోడ్‌హౌస్ నడిపే డగ్, మర్నాడు బయల్దేరతావా అని అడిగితే, ఒక పనుంది అంది. ఆ పనేమిటో చెప్పకుండా రోజుల తరబడి వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి, డగ్ వంటింట్లోకి దూరి కెటిల్ నింపింది.

"ఎవరికి?" అన్నాడు డగ్.

"మెర్వ్‌కి."

"గ్రేడర్ మనిషికా? పెట్టకూడదు కదా."

"ఈపాటికి బ్లేడు ఎత్తేసి ఉంటాడు."

డగ్ ఇన్నేళ్లూ ఈ ముక్క తనకెందుకు తట్టలేదో ఆలోచిస్తున్నట్టు గోడ వైపు చూశాడు. తర్వాత అల్మరాలోంచి ఇంకో కప్పు తీసి బల్ల మీద పెట్టాడు, అది తనకి. చాప్స్ ఇంకా ఐసుపెట్టెలోనే ఉన్నాయి.

కెటిల్ కూత పెట్టకముందే గుమ్మంలో నీడ పడింది. మెర్వ్ టోపీ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పొయ్యి ఇంకా వెలుగుతున్న వంటింటిని, ఎంగిలి కాని కంచాలని చూస్తున్నాడు. వేళకి ముందొచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఆయనకి గుర్తు లేదు.

నెరీడా కాలితో కుర్చీ ఇవతలికి లాగింది.