ఇంటిపేరు అడిగే సెకూబా

సెకూబా కేటా స్టీరింగు తుడిచి, సీటు కింద ఇనపకడ్డీ ఉందో లేదో కాలితో తడిమి చూసుకున్నాడు. ఉంది. పచ్చరంగు వ్యాను నిండగానే కండక్టరు జెగే రేకు మీద రెండుసార్లు కొట్టాడు. బండి బమాకో నగరపు పాత వంతెన వైపు కదిలింది.

యాభై దాటిన మనిషి. ఎండిన మెడ, గేరు మార్చి మార్చి కాయలు కాచిన అరచెయ్యి. భార్య సారన్ పోయినప్పటినుంచి సజ్జసంకటి రుచి తెలియదు, ఎండ చురుకు తెలియదు. లోపల మిగిలిందల్లా కోపమొక్కటే. పోయిన వానాకాలం ఆ కడ్డీతోనే ఒకడి భుజం విరగ్గొట్టాడు. ఇంకోసారి చెయ్యి లేస్తే తాళాలు లాక్కుంటానన్నాడు బండి యజమాని. తాళాలు కూడా పోతే ఈ మనిషి పొద్దున్నే లేచి చేసేదేముంది, గోడకేసి చూడటం తప్ప.

"చెయ్యి లేచేలోగా ఇంటిపేరు అడుగు" అని సారన్ అంటూండేది. కొన్ని ఇంటిపేర్లవాళ్లు పుట్టుకతోనే మేలమాడే వరసవాళ్లు. పాలేరువనీ, బొబ్బర్లు మెక్కేవాడివనీ ఎన్ని మాటలన్నా నవ్వాల్సిందే. వరస మరిచి చెయ్యి చేసుకున్నవాడి ముఖం ఎవరూ చూడరు.

వంతెన మధ్యలో ఒక మోటారుసైకిలు సందులోంచి దూరి, వ్యాను పక్క అద్దాన్ని ఊడగొట్టింది. పాతికేళ్లవాడు దిగి తనే గొంతు లేపాడు.

"కళ్లు నెత్తికెక్కాయా ముసలోడా? వంతెన నీ అబ్బ కట్టించాడా?"

సెకూబా దిగాడు. చేతిలో కడ్డీ ఉంది. ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

"ఇంటిపేరేంటి?"

"జారా. మామరి జారా. అయితే ఏం చేస్తావ్?"

జారాలకు వరస త్రవోరెలతో. కేటాలతో ఏమీ లేదు. నవ్వడానికి దారి లేదు, కొట్టడానికి అడ్డు లేదు. సెకూబా కడ్డీ వైపు చాలాసేపు చూశాడు.

"నేను త్రవోరెని రా" అన్నాడు చివరికి. "పాలేరువై ఉండి నా అద్దం పగలగొడతావా? మీ తాత మా గాడిదలు కడిగేవాడు."

మామరి ముఖం విచ్చుకుంది. "అదీ సంగతి. బొబ్బర్లు మెక్కి మెక్కి నీకు చూపు మందగించింది. రేపు స్టాండుకు ఇంకో పొట్లం తెస్తాలే, తిని చద్దువుగాని."

బండి కదిలాక జెగే ఆగలేకపోయాడు. "నాన్న ఇంటిపేరే కాదనుకున్నావేంటన్నా?"

"చెయ్యి లేవలేదుగా" అన్నాడు సెకూబా.

మధ్యాహ్నం స్టాండులో వ్యాను నిండేదాకా స్టీరింగు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. నిండాక జెగే రేకు మీద రెండుసార్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సెకూబా లేవలేదు. పొద్దు వాలేలోగా అతన్ని మట్టి చేసి వచ్చారు.

మర్నాడు పొద్దున్నే మామరి వచ్చాడు. "ఏడీ మా పాలేరు? పని ఎగ్గొట్టాడా?"

జెగే సంగతి చెప్పాడు.

మామరి పొట్లం పట్టుకున్న చెయ్యి దించాడు. "త్రవోరె పోతే జారాకు కబురు పెట్టరా? వరసవాణ్ణి, శవాన్ని మోసే జనాజాకు అడ్డంపడి ఎగతాళి చెయ్యాల్సింది నేను కదా."

"ఆయన త్రవోరె కాదు తమ్ముడూ. కేటా."

"మరి నాతో అలా ఎందుకన్నాడు?"

"కడ్డీ చేతిలో ఉంది కదా" అన్నాడు జెగే.

మామరి వ్యాను దగ్గరికి నడిచాడు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు కాసేపు చూసి, తెచ్చింది అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. వ్యాను నిండింది. జెగే రేకు మీద కొట్టలేదు. సీటు మీద, దారం విప్పని బొబ్బర్ల పొట్లం ఇంకా వేడిగానే ఉంది.